మాడని బెల్లం

నోట్లో ఏమీ లేకుండా రుచి తెలిస్తే వెంటనే ఎవరికైనా చెప్పండి. నేను మూడు నెలలు చెప్పలేదు. భయపడి కాదు, పొగరుతో. చోడవరం చుట్టుపక్కల బెల్లం పాకం విషయంలో నా నాలుక ఒక మాట అందంటే దానికి ఎదురు లేదు. అలాంటి నాలుక అబద్ధం ఆడుతోందని నేనెలా అనుకుంటాను?

ఇప్పుడు పూటకో మాత్ర వేసుకుంటున్నాను. అది మొదటిసారి వచ్చి ఏడాది దాటింది. జరిగింది జరిగినట్టు ఒక పుస్తకంలో రాసుకోమని డాక్టరమ్మ అంది, రాస్తే భయం కాస్త తగ్గుతుందట. తగ్గిందో లేదో గానీ, రాస్తున్నకొద్దీ ఇది నా కోసం కాదని తెలుస్తోంది. నా బావమరిది సన్యాసిరావు కోసం. నేనన్న ఒక్క మాటకి వాడు పద్నాలుగేళ్ళ పని వదిలేసి పోయాడు. ఆ మాట తప్పని వాడికి నమ్మకం కలిగించడం నాకు నా రోగం కంటే కష్టమైంది.

మాది చోడవరం నుంచి చీడికాడ పోయే దారిలో ఒక ఊరు. ఇంటి వెనక చెరకు చేను, చేను చివర గానుగ పాక. చెరకు ఆడిన రసాన్ని పెద్ద ఇనప పెనంలో కాచి బెల్లం వండుతాం. కోతలు మొదలైతే ఊళ్ళో రైతులు చాలామంది తమ చెరకు మా దగ్గరికే తెస్తారు. పొయ్యి సన్యాసిది, పాకం నాది. ఎండిన చెరకు పిప్పి పొయ్యిలోకి ఎంత తోయాలో, ఎక్కడ చెయ్యి ఆపాలో వాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. ఆఖర్న తెడ్డు చివర అంటిన పాకాన్ని చన్నీళ్ళలో ముంచి, ఉండ చేసి, నేను నోట్లో వేసుకుంటాను. "దింపండి" అంటే అప్పుడు దింపుతారు. మా నాన్న కాలం నుంచీ మా పెనంలో ఒక్క వంట మాడలేదు. ఈ మాట నేను పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవాణ్ణి.

డిసెంబరు మొదట్లో చోడవరం మెయిన్ రోడ్డు మీద సెలూన్లో కూర్చుని గెడ్డం గీయించుకుంటున్నాను. పట్టపగలు. బయట గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు చెరకు ట్రాక్టర్లు పోతున్నాయి. ఉన్నట్టుండి కడుపులోంచి ఏదో పైకి లేచినట్టయింది. వెంటనే నోటినిండా మాడిన బెల్లం రుచి. మామూలు మాడు కాదు, ఇనప రజను కలిసినట్టు, నాలుక మొదట్లోంచి చెవుల దాకా పాకే చేదు. దాంతోపాటు ఇదంతా ఇదివరకే ఒకసారి జరిగిందని, నా వెనక ఎవరో నిలబడి ఉన్నారని, ఇప్పుడే నా పేరు పిలవబోతున్నారని గట్టిగా అనిపించింది. వెనక్కి తిరగలేకపోయాను. ఎదురుగా అద్దంలో చూశాను. వెనక ఎవరూ లేరు. కానీ అద్దంలో ఉన్న నా దవడలు ఆడుతున్నాయి. నేను నములుతున్నాను. ఏమీ లేని నోటితో, గడ్డి నెమరేసే గేదెలా, తీరుబడిగా నములుతున్నాను. నా దవడ కదులుతున్నట్టు నాకు తెలియడం లేదు. అద్దం చెబితేనే తెలిసింది.

"ఏటి బాబూ, నోట్లో కిళ్ళీ ఉందేటి? ముందే సెప్పొద్దా, కత్తికి బుగ్గ తెగిపోను!" అన్నాడు సెలూన్ అబ్బాయి.

అరనిమిషంలో అంతా పోయింది. నోట్లో ఏమీ లేదు. పొద్దున్న తిన్నది అరగలేదనుకున్నాను. ఇంటికొచ్చి సోడా తాగి పడుకున్నాను. నా భార్య సత్యవతికి కూడా చెప్పలేదు.

రెండో వారంలో మా మొదటి వంట. ఆ రోజు గానుగ దగ్గర ఆరేడుగురం ఉన్నాం. పిప్పి ఆరబెట్టే నూకాలమ్మ, చెరకు అందించే ఎర్రినాయుడు, ఇంకా పక్క రైతులు. రసం మరిగి, మడ్డి తీసేసి, నురగ దగ్గరపడి, రంగు తేనెలా తిరిగింది. చూడ్డానికి ఎంత బాగుందో! నేను ఉండ చేసి నోట్లో వేసుకున్నాను. సరిగ్గా అప్పుడే కడుపులోంచి లేచింది.

"మాడ్చేసేవురా!" అని అరిచాను.

సన్యాసి పొయ్యి దగ్గర్నుంచి ఒక్క ఉదుటున లేచి వచ్చాడు. "ఏటి బావా? మంట తగ్గించేసి సానా సేపయింది. సూడు, పిప్పి కూడా ఎట్టలేదు."

"నా నోరు అబద్ధమాడుతుందా? తిని సూడు!"

ముందు వాడికి పెట్టలేదు. అందరికీ తలో చిటికెడు పంచాను. అదీ నేను చేసిన పాపం. మొదట ఎర్రినాయుడు చప్పరించి నా మొహం చూశాడు. నూకాలమ్మ కళ్ళు మూసుకుని నాలుక తిప్పింది.

"అవునయ్యా," అంది. "అడుగున కూసింత సేదుంది."

ఆ మాటతో ఎర్రినాయుడికీ తెలిసింది. "ఉన్నాది, ఉన్నాది. ఎనకాల తగులుతంది." ఇంకో రైతు ఉమ్మేశాడు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకి ఆ చేదు అంటుకుంటూ పోయింది. ఆఖర్న సన్యాసి తిన్నాడు. చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. వాడి మొహం నాకిప్పటికీ కనిపిస్తుంది. మొదట తెల్లబోయి, ఆ తర్వాత ఏదో వెతుక్కుంటున్నట్టు కనుబొమలు ముడిచి, చివరికి తల వంచేశాడు.

"నిజమే బావా. మాడింది," అన్నాడు.

మాడలేదు. ఆ బెల్లం మాడలేదు. ఈ మాట ఇప్పుడు ఎంత గట్టిగా రాసినా నాకు తృప్తి లేదు.

ఆ తర్వాత ఏ వంట తీసినా అదే. రంగు పసుపు, గట్టిదనం సరే, చేత్తో విరిస్తే చక్కగా విరుగుతుంది, నోట్లో వేసుకుంటే మాడు. నాకు మూడు నాలుగు వంటలకోసారి నిజంగా వచ్చేది, మిగతాసార్లు వస్తుందేమోనని ఎదురుచూస్తూ తినేవాణ్ణి, అప్పుడూ వచ్చినట్టే ఉండేది. మిగతావాళ్ళకి మాత్రం ప్రతిసారీ వచ్చేది. నా నాలుక తప్పని ఒక్కరికీ తోచలేదు. పెనం తప్పన్నారు. పెనం తోమించాం. పొయ్యి గోడ పగిలిందన్నారు. కొత్త మట్టితో మళ్ళీ కట్టాం. దిష్టి అన్నారు. గుమ్మడికాయ కొట్టి, పాకకి నిమ్మకాయలు కట్టాం. నూకాలమ్మ ఉప్పు, మిరపకాయలు తెచ్చి పెనానికి మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసింది. ఆ మిరపకాయల ఘాటుకి ఎవరూ దగ్గలేదు. దగ్గు రాలేదంటే దిష్టి గట్టిగా ఉన్నట్టే అని అందరం తీర్మానించుకున్నాం.

ఒకరోజు చీడికాడ నుంచి చెరకు లోడు తెచ్చిన ట్రాక్టరు డ్రైవరు ఒక ముక్క అడిగి తీసుకున్నాడు. అతనికి ఈ గొడవేమీ తెలియదు. కళ్ళు మూసుకుని తిని, "ఎంత బాగుందండీ! ఇంకో ముక్క ఎట్టండి, మా కూతురు గుంటకి పట్టుకెళ్తాను," అన్నాడు. అతను వెళ్ళాక అందరూ ఒకటే నవ్వు.

"ఆడికి నోరు సచ్చిపోనాది," అన్నాడు ఎర్రినాయుడు.

నేనూ నవ్వాను. ఆ పాకలో మంచి నోరున్నవాడు ఆ రోజు అతనొక్కడే.

జనవరిలో సన్యాసి వెళ్ళిపోయాడు. పెద్ద గొడవేమీ కాలేదు. గొడవైతే బాగుండేది. నేను నలుగురిలో అన్నాను, "నీ సెయ్యి పాడైపోనాదిరా, ఇంక పొయ్యి ముట్టకు," అని. వాడు ఎదురు చెప్పలేదు. చేతులు కడుక్కుని, తువ్వాలు దులుపుకుని, ఇంటికొచ్చి అక్క దగ్గర కూర్చున్నాడట. సత్యవతి ఆ రోజు పరమాన్నం చేసింది. రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టేశాడట.

"అప్పా, ఇదీ మాడే ఉన్నాది," అన్నాడట. "నా నోరే మాడిపోనాదో, నా సెయ్యే మాడుస్తందో నాకు తెల్డం లేదు."

మర్నాడే విశాఖపట్నం బస్సెక్కాడు. అక్కడ ఏదో అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేరాడని తర్వాత తెలిసింది.

పొయ్యి నేనే చూసుకున్నాను. పిప్పి గుప్పెడు గుప్పెడు లెక్కపెట్టినట్టు వేశాను. అయినా మాడు. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ సత్యవతి అడిగింది, చాలా మెల్లిగా.

"మా తమ్ముడు ఎల్లిపోయేడు కదా. మరిప్పుడు ఎవరు మాడుస్తన్నారండీ?"

కంచం తోసేసి లేచాను. నానా మాటలూ అన్నాను. ఆవిడ అడిగింది నాకు అర్థం కాలేదని కాదు, అర్థమైంది. అందుకే అంత కోపం వచ్చింది. ఆవిడ మళ్ళీ అంది, "ఇంకోటి కూడా సెప్పనా? మీరు ఊరికే నవుల్తన్నారు. కూర్చుని కూర్చుని నవుల్తారు. నేను పిలిస్తే పలకరు. అప్పుడు మీ కళ్ళు నన్ను సూడవు, నా ఎనకాల ఎవరినో సూస్తాయి." తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని ఆవిడ కూడా ఒకటి రెండుసార్లు తిరిగి చూసిందట.

ఫిబ్రవరి చివర్లో పడిపోయాను. గానుగ దగ్గరే, పాకం దగ్గరపడుతున్నప్పుడు. రుచి వచ్చింది, వెనక మనిషి వచ్చాడు, ఈసారి పోలేదు. ఆ తర్వాత నాకేమీ తెలియదు. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను, నాలుక పక్కన కొరుక్కుపోయి రక్తం, కుడి మోచేతి మీద పాకం పడి బొబ్బ. సత్యవతి నా చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగకపోతే పెనంలోకే పడేవాణ్ణట. ఆవిడ చేతిలో నా కాలరు ముక్క చిరిగి ఉంది. దాన్ని వదలకుండా పట్టుకుని ఏడుస్తోంది.

చోడవరం ఆసుపత్రిలో కట్టు కట్టి విశాఖపట్నం పంపారు. తలకి తీగలు అంటించి ఒక పరీక్ష, గొట్టంలో పడుకోబెట్టి ఇంకో పరీక్ష. అవి ఎలా ఉన్నాయో చెప్పను, చెప్పేంతగా ఏమీ లేవు. చెప్పాల్సింది బయట బెంచీ గురించి. నాలుగు గంటలు కూర్చున్నాం. ఆ బెంచీ మీద ఉన్నవాళ్ళందరికీ తలలోనే గొడవ, కాబట్టి చూస్తే ఎవరికీ ఏ రోగమూ లేనట్టు ఉంటారు. చక్కగా తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, పిలుపు కోసం కూర్చుంటారు. మధ్యలో ఎవరో ఒకరు గోడ వైపు చూసి నవ్వుతారు. మనం చూడనట్టు ఉండాలి.

మా పక్కన మాడుగుల నుంచి వచ్చిన ఒకామె, భర్తతో. ఆయన నలభై రోజులుగా బస్సు హారను వింటున్నాడట, పొలంలో, దొడ్లో, ఎక్కడైనా సరే.

"మొదట్లో నేను కూడా తప్పుకునీదాన్ని," అంది ఆమె. "ఈయన పక్కకి జరిగితే నేనూ జరిగీదాన్ని. బస్సు లేదని తెలుసు. అయినా కాళ్ళు ఆగవు కదమ్మా."

సత్యవతి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఆమె సంచిలోంచి హల్వా పొట్లం తీసి మాకు పెట్టింది. నేను తినడానికి భయపడ్డాను. ఆమె బలవంతం చేయలేదు. పొట్లం మడిచి నా జేబులో పెట్టి, "ఎప్పుడు దైర్నం వస్తే అప్పుడు తినండి బాబూ," అంది. ఆ మాట నన్ను మందు కంటే ముందు కుదుటపరిచింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషే. నా తల ఫోటో వెలుగులో పెట్టి చూపించింది. చెవికి పైన, మెదడు మడతల లోపల, పై నుంచి చూస్తే కనిపించని చోట, మినపగింజంత తెల్లటి మచ్చ. ఎప్పుడో తిండితో లోపలికి పోయిన పురుగు తాలూకు పాత మచ్చ అయ్యుంటుందని అంది.

"మీరు రుచి నాలుక మీద తెలుస్తుందనుకుంటారు కదా," అంది. "నాలుక కబురు పంపుతుందంతే. ఆ కబురు నరాల వెంట మెదడు అడుగుకి వస్తుంది. అక్కణ్ణించి మధ్యలో ఇంకో మజిలీకి, అక్కణ్ణించి ఇదిగో ఈ మడతలోకి. ఇది తీపి, ఇది చేదు అని మీకు తెలిసేది ఇక్కడే. ఎలుకకైనా, ఆవుకైనా, మనకైనా దాదాపు ఇదే దారి. ఎలుకకి మధ్యలో ఒక స్టాపు ఎక్కువ."

"మరి నా నోట్లో..."

"మీ నోట్లో ఏమీ లేదు. మచ్చ పక్కన అప్పుడప్పుడు కరెంటు ఎగదన్నుతోంది. కబురు రాకుండానే ఇక్కడ చేదు పుడుతోంది. ఎలుకల్లో ఈ చోటుని కావాలని తట్టి చూశారు. ఒకచోట తడితే ఉత్త నీళ్ళని తీపి నీళ్ళలా తాగాయి. ఇంకోచోట తడితే ఏమీ చేదు లేకుండానే నోరు వికారంగా పెట్టాయి."

ఉత్త నీళ్ళ ముందు మూతి తిప్పుకుంటున్న ఎలుక నా కళ్ళముందు కనిపించింది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. అప్పుడడిగాను, నన్ను లోపల తినేస్తున్నది.

"అమ్మా, రోగం నాకు కదా. మా పాకలో అందరికీ ఆ మాడు తెలిసింది. నా బావమరిదికి తెలిసింది. వాళ్ళ తలల్లో మచ్చలున్నాయా?"

ఆవిడ కలం కింద పెట్టింది. "లేవు," అంది. "ఈ చోటికి కబురు కింద నుంచే రాదు. పైనుంచి కూడా వస్తుంది. ఏం రాబోతోందో మనసు ముందే చెబుతుంది. మా అమ్మ పెరుగు పులిసిందంటే నాకిప్పటికీ పుల్లగానే ఉంటుంది, అప్పుడే తోడుకున్నదైనా. మీ మాట మీద వాళ్ళకి ఎంత నమ్మకం ఉంటే అంత చేదు పుడుతుంది చెప్పండి?"

ఆవిడ నన్ను ఓదార్చడానికే అంది. నాకు మాత్రం ఆ రోజు సన్యాసి వంచిన తలే కనిపించింది.

వేసవంతా మందు మత్తులో గడిచింది. మధ్యాహ్నాలు మనిషిని పీల్చేసేవి. మాటలు అందేవి కావు, చిన్న విషయాలకి ఏడుపొచ్చేది. మెల్లిగా రుచి పలచబడింది. ఆఖరుసారి వచ్చినప్పుడు దవడ మాత్రం ఆడింది, రుచి లేదు. ఆ తర్వాత అదీ పోయింది. మీకు ఇలాంటిదే ఉంటే ఒకటి చెబుతాను, మత్తుకి విసిగి మాత్రలు మానేయకండి. నేను రెండు రోజులు మానేసి చూశాను. సత్యవతి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

జూన్‌లో సన్యాసిని చూడ్డానికి వెళ్ళాను. ఫోటో పట్టుకెళ్ళాను, జనవరిలో వాడు వెళ్ళేముందు వండిన బెల్లం ఒక ముక్క కూడా. అప్పటికి ఆ బెల్లాన్ని సత్యవతి ఈ గొడవ తెలియనివాళ్ళు పదిమందికి పెట్టి చూసింది. ఒక్కరూ మాడిందనలేదు.

వాచ్‌మన్ గదిలో ప్లాస్టిక్ కుర్చీ నాకు వేసి వాడు మెట్టు మీద కూర్చున్నాడు. సన్నబడ్డాడు. ఫోటో వెలుగుకి పట్టి చూపించాను.

"ఇదీ సంగతి. నాకు రోగంరా. బెల్లం మాడలేదు. నా తలలో మాడింది."

వాడు ఫోటో చాలాసేపు చూశాడు. "ఇంత గింజా?" అన్నాడు. నేను బెల్లం ముక్క చేతిలో పెట్టాను. నోట్లో వేసుకున్నాడు. వాడి కనుబొమలు ముడిపడటం చూశాను. మళ్ళీ అదే మొహం.

"మాడే ఉన్నాది బావా."

"మాడలేదురా!"

"నీ తలలో మాడితే నా నోట్లో ఎందుకున్నాది?"

డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను, ఎలుకలు, పెరుగు, అంతా. వాడు మర్యాదగా విన్నాడు. "నువ్వు జాలి పడి వచ్చేవు. నాకు తెలుసు. ఎవరి సేతి తప్పు వాడికి తెలీదేటి?" అన్నాడు. లిఫ్టు దగ్గర ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయాడు. తిరిగి బస్సులో వస్తుంటే నాకు గట్టిగా భయమేసింది. నాకు మాత్ర ఉంది. వాడికి నేను ఎక్కించినదానికి ఏ మాత్రా లేదు. నేనెంత కాదన్నా వాడు వినడు. అసలు మాడిందన్నదీ నేనే కదా.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. పెనం దగ్గరికి వెళ్ళొద్దని నాకు గట్టిగా చెప్పారు. నేను ఎనిమిది అడుగుల దూరంలో మంచం వేసుకుని కూర్చోవాలి. పాకం చూసే మనిషి లేడు. సత్యవతి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరే, ఓదార్చడానికి పిల్డం లేదు. మీ బావ నోటి మీద మీ బావకే నమ్మకం లేదు. పాకం సూడ్డానికి మనిషి కావాలి. వస్తావా, గానుగ మూసీమంటావా?"

వచ్చాడు. రెండు రోజులుండి పోతానన్నాడు. ఎవరూ నోరెత్తకూడదని ముందే అందరికీ చెప్పాను. వాడు తిన్నప్పుడు ఎవరూ వాడి మొహం చూడకూడదని కూడా. మొదటి వంట. ఉండ చేసి నోట్లో వేసుకున్నాడు. అందరం నేల చూపులు చూస్తున్నాం. మాడింది, అన్నాడు. దింపి అచ్చులు పోశాం. రెండో వంట, అదే మాట. మర్నాడు పొద్దున్న వంట కూడా అదే. మధ్యాహ్నానికి తువ్వాలు భుజాన వేసుకుని, పెనానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"నా వల్ల కాదు బావా. నన్ను వదిలీ. సాయంత్రం బస్సుకి పోతాను."

పొయ్యి దగ్గర ఎర్రినాయుడున్నాడు. రసం మరుగుతోంది. నేను ఎర్రినాయుడి వైపు చూసి చెయ్యి ఊపాను, ఇంకా వెయ్యి అని. వేశాడు. పాకం దగ్గరపడింది. మళ్ళీ ఊపాను. ఎర్రినాయుడు అనుమానంగా చూసి ఇంకో రెండు చేతుల పిప్పి తోశాడు. మా నాన్న కాలం నుంచీ మా పెనంలో ఒక్క వంట మాడలేదని చెప్పాను కదా. నూకాలమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రంగు తేనె నుంచి చింతపండుకి తిరిగింది. నాకు లేచి పరిగెత్తాలని ఉంది. మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. ఇంకా వెయ్యి.

పొగ సన్నగా లేచింది. సన్యాసి వీపు ఒక్కసారి బిగుసుకుంది. ముక్కు ఎగబీల్చాడు.

"బావా! మాడిపోతంది! దింపు, దింపండహె!"

ఎవరూ కదలలేదు. తనే దూకినట్టు వచ్చి ఎర్రినాయుణ్ణి తోసేసి, పొయ్యిలోంచి మండుతున్న పిప్పి బయటికి లాగాడు. పెనం కడ్డీ పట్టుకుని అరిచాడు, అప్పుడు నలుగురూ కలిసి దింపారు. నల్లగా బుడగలు కట్టి మూలుగుతున్న పాకం. తెడ్డు ముంచి, నీళ్ళలో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. మొహమంతా ముడుచుకుపోయింది. తుపుక్కున ఉమ్మేశాడు.

తర్వాత పొద్దున్న పోసిన అచ్చుల దగ్గరికి వెళ్ళి ఒక దిమ్మ అంచు విరిచాడు. నోట్లో వేసుకున్నాడు. మళ్ళీ వచ్చి నల్ల పాకం రుచి చూశాడు. మళ్ళీ దిమ్మ. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాడు. నేను గోడ వైపు తిరిగిపోయాను, నా మొహంలో వాడికి ఏ జవాబూ దొరక్కూడదని.

వెనక నుంచి వాడు నా దగ్గరికి వస్తున్న చప్పుడు వినిపించింది. భుజం మీద చెయ్యి వేశాడు.

"పొద్దున్నది మాడలేదు," అన్నాడు. "నేను ఏదీ మాడ్చలేదు బావా."

"అవునా?" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

వాడు ఏడ్చాడు. సత్యవతి వచ్చి వాణ్ణి పట్టుకుంది. పాడైన పెనం చుట్టూ అందరూ కూర్చుని ఎప్పుడూ లేనంత గట్టిగా మాట్లాడుకున్నారు. నూకాలమ్మ మాత్రం ఇప్పటికీ ఆ పొద్దుటి మూడో వంటలో కాస్త చేదు తగులుతోందంటుంది. మేమెవరం ఆవిడకి ఎదురు చెప్పం.

సన్యాసి సాయంత్రం బస్సుకి వెళ్ళలేదు. వెళ్ళడం లేదని ఎవరికీ చెప్పలేదు కూడా, పొయ్యి బూడిద ఎత్తి పోసి, మర్నాటికి పిప్పి సర్దుకున్నాడు. తర్వాత ఆ పొద్దుటి దిమ్మలోంచి ఒక ముక్క తెచ్చి నాకు అందించాడు. వాడు ముందే చెప్పాడు, బాగుందని. నేను నోట్లో వేసుకున్నాను. తీపిగా ఉంది. ఆ తీపి బెల్లంలోంచి వచ్చిందో, వాడి మాటలోంచి వచ్చిందో నాకు తెలియలేదు. ముక్క మొత్తం తినేశాను.